అత్తయ్య కొంగులో బెల్లం ముక్క

మా అత్తయ్యగారి తలగడ కింద బెల్లం ముక్క దొరికిన రోజు మా ఇంట్లో పెద్ద గొడవే అయింది. గొడవ అంటే, అరిచింది నేనొక్కదాన్నే. ఆవిడ ఒక్క మాట కూడా అనలేదు.

దుప్పట్లు ఉతకడానికి తీస్తుంటే కాగితంలో చుట్టిన బెల్లం ముక్క, దాని చుట్టూ చీమల బారు. ఆవిడకి పద్దెనిమిదేళ్లుగా షుగరు. ఆవిడ ముందు తినలేక మేమందరం పాయసం మానేశాం. పండక్కి బూరెలు వండినా, ఆవిడకొకటి పెట్టి మిగతావి పక్కింటికి పంపేస్తాను. అలాంటిది తలగడ కింద బెల్లమా! "ఈ వయసులో దొంగతిండి ఏమిటత్తయ్యా? రేపేమైనా అయితే అందరూ నన్నే కదా అంటారు" అనేశాను. ఆవిడ చీమలు దులిపి ఆ ముక్క నా చేతిలో పెట్టి, వరండాలోకి వెళ్లి కూర్చున్నారు.

తరవాత కొన్నాళ్లకి చూస్తే ఆవిడ కొంగు చివర చిన్న ముడి. అందులో ఏముందో నాకు తెలుసు. ఈసారి అరవలేదు కానీ, మా వారికి చెప్పి నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది. ఎందుకో చెప్తాను.

ఆవిడ రిపోర్టులు ఎప్పుడూ బాగానే ఉండేవి. మూడు నెలల షుగర్ పరీక్ష, అదే హెచ్‌బీఏవన్‌సీ, పోయినసారి 6.8 వచ్చింది. డెబ్భై నాలుగేళ్ల మనిషికి ఇంత మంచి అంకె ఏమిటని ల్యాబ్ అబ్బాయి కూడా మెచ్చుకున్నాడు. ఆ మెప్పులో సగం నాదే అనుకుని నేనూ మురిసిపోయాను. వంట చేసేది నేనే కదా!

ఒకరోజు తెల్లవారుజామున మూడింటికి వంటింట్లో గిన్నె పడిన చప్పుడైంది. వెళ్లి చూస్తే అత్తయ్యగారు చీకట్లో గట్టు పట్టుకుని నిలబడి ఉన్నారు. జాకెట్టు చెమటకి తడిసి ముద్దయిపోయింది. నన్ను చూసి మా ఆడపడుచు పేరు పెట్టి పిలిచారు. "బస్సు వెళ్లిపోయిందా?" అన్నారు. చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి పడుకోబెట్టాను. పొద్దున్న లేచేసరికి మామూలుగానే ఉన్నారు. రాత్రి సంగతి అడిగితే సరిగ్గా గుర్తు లేదన్నారు.

నెల తిరక్కుండా ఇలా రెండుసార్లయింది. మా వారు బెంగపెట్టుకున్నారు. "అమ్మకి మతిమరుపు జబ్బు మొదలైందేమో" అని గొంతు తగ్గించి నాతో అనేవారు. మేం ఆవిడ మాటని నమ్మడం కూడా మెల్లగా తగ్గించేశాం. గ్యాస్ కట్టేశానంటే వెళ్లి చూసుకునేవాళ్లం. బీరువా తాళాలు నా దగ్గరికొచ్చాయి. ఆవిడ ఇవన్నీ గమనిస్తూనే ఉన్నారని ఇప్పుడు అర్థమవుతోంది.

చివరికి గుంటూరులో ఒక డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాం, మతిమరుపు గురించే. ఆవిడ అంతా విని ఒక్క ప్రశ్న వేశారు. "పగలెప్పుడైనా ఇలా అయిందా, అన్నీ రాత్రులేనా?" అన్నీ రాత్రులే. వెంటనే మందుల చీటీ అడిగారు. అందులో ఒక మాత్ర దగ్గర ఆగి, "ముందు రెండు వారాలు చేతికి ఒక సెన్సర్ పెట్టి చూద్దాం, తరవాత మాట్లాడుకుందాం" అన్నారు.

అలా మా ఇంట్లోకి ఆ బిళ్ల వచ్చింది. పది రూపాయల నాణెం కంటే కాస్త పెద్దది, తెల్లగా ఉంటుంది. జబ్బ వెనక భాగంలో ఒక్క నొక్కు నొక్కి అతికించేశారు. దాని కింద వెంట్రుకలాంటి సన్నటి తీగ చర్మంలోకి అరంగుళం కూడా దిగదు. అది రక్తంలో కాదు, చర్మం కింద కణాల మధ్య ఉండే నీటిలో చక్కెర ఎంతుందో చూస్తుందట. అందుకే రక్తంలో వచ్చిన మార్పు దీనికి తెలియడానికి కొన్ని నిమిషాలు ఆలస్యమవుతుంది. కొన్ని నిమిషాలకోసారి, పగలూ రాత్రీ, స్నానం చేసినా నిద్రపోయినా, పద్నాలుగు రోజులపాటు లెక్క రాస్తూనే ఉంటుంది. ఆ లెక్క ఫోన్‌లో కనిపిస్తుంది.

"నొప్పేసిందా అత్తయ్యా?" అంటే, "చీమ కుట్టినట్టుంది. అయితే నా చేతికి కరెంటు మీటరు బిగించారన్నమాట" అన్నారు. దారిలో మామయ్యగారిని తలుచుకున్నారు. ఆయనకి గుండె దడ వచ్చినప్పుడు హోల్టర్ అని ఒక పెట్టె నడుముకి కట్టి, ఛాతీకి తీగలు అంటించి ఒక రోజంతా ఉంచారు. ఆ తీగలు చూసి ఆయన బయటికి రావడమే మానేశారు. తరవాత నేను చదివితే తెలిసింది, హోల్టర్ అనేది ఆ యంత్రం చేసిన అమెరికా శాస్త్రజ్ఞుడి పేరట. 1940ల్లో ఆయన చేసిన మొదటి యంత్రం సుమారు 38 కిలోల బరువు, వీపున మోయాలి. అంత బరువుకి పుట్టిన ఆలోచన ఇవాళ మా అబ్బాయి చేతిగడియారంలోకి వచ్చేసింది. గుండె లయ తప్పితే చెప్పే గడియారానికి అమెరికాలో 2018లో అనుమతి ఇచ్చారు. ఇక కరోనా రోజుల్లో వేలికి పెట్టుకునే ఆక్సిమీటరు మన ఇళ్లలో థర్మామీటరు పక్కన చేరింది కదా! దాని వెనకున్న సూత్రాన్ని 1974లో జపాన్‌లో తకువో అయొయాగి అనే ఇంజినీరు కనిపెట్టారు. 94 అంకె కోసం మనం ప్రాణాలు ఉగ్గబట్టుకున్న రోజులు ఎలా మరిచిపోతాం?

మూడో రాత్రి రెండుంపావుకి మా వారి ఫోన్ గట్టిగా మోగింది. 58 అని ఎర్రగా ఉంది. పరిగెత్తాం. అత్తయ్యగారు అప్పటికే లేచి మంచం మీద కూర్చున్నారు. చేతులు వణుకుతున్నాయి. ఆ వణికే వేళ్లతోనే కొంగుముడి విప్పుకుంటున్నారు.

ఆ బెల్లం ముక్క నోట్లో వేసుకున్నారు. నేను పంచదార నీళ్లు కలిపి తాగించాను. పావుగంటకి వణుకు తగ్గింది. ఇంకాసేపటికి ఫోన్‌లో అంకె కూడా 80 దాటింది.

"మీకు ముందే తెలుసా అత్తయ్యా?" అన్నాను.

"పేరు తెలీదే అమ్మాయ్. కడుపులో ఏదో లాగేసినట్టవుతుంది, ఒళ్లంతా చెమట. బెల్లం ముక్క చప్పరిస్తే సర్దుకుంటుంది."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"షుగరున్న మనిషి, బెల్లం తింటే ఒంట్లో బాగుంటోందంటే ఎవరు నమ్ముతారే?"

నా దగ్గర జవాబు లేదు. ఆవిడ మాటని నేను నమ్మలేదు. నెలకి రెండుసార్లు తీసిన రక్తం చుక్కని నమ్మాను. ఆ చుక్క తీసింది ఎప్పుడూ పొద్దున్నే, బెల్లం తిన్న కొన్ని గంటల తరవాత.

రెండు వారాలయ్యాక డాక్టరమ్మ ఆ లెక్కంతా కంప్యూటర్లో తెరిచి చూపించారు. పద్నాలుగు రోజుల్నీ ఒకదాని మీద ఒకటి పేర్చి ఒకే బొమ్మగా గీస్తుంది. 70 దగ్గర ఒక గీత, 180 దగ్గర ఒక గీత. వాటి మధ్య ఎంతసేపున్నామన్నదే ముఖ్యం. వయసులో ఉన్నవాళ్లయితే రోజులో నూటికి డెబ్భై పాళ్లు ఆ మధ్యలో ఉండాలంటారు. అత్తయ్యగారిలాంటి పెద్దవాళ్లకి సగం ఉన్నా చాలు. కానీ 70 కిందికి మాత్రం రోజుకి పావుగంట కూడా పోకూడదు. మా ఆవిడది పద్నాలుగు రాత్రుల్లో ఆరుసార్లు పోయింది. ఒకసారి 49.

"మరి 6.8 వచ్చింది కదండీ" అన్నారు మా వారు.

"అది సగటండీ. పగలు ఎక్కువా రాత్రి తక్కువా కలిపితే మంచి సగటే వస్తుంది" అన్నారావిడ. ఏటి లోతు సగటున మోకాలి బంటి అన్నారని దిగినవాడి కథే మాది. మడుగు ఎక్కడుందో సగటు చెప్పదు.

మడుగు ఎలా తయారైందో కూడా ఆ రోజే తేలింది. ఆవిడ వేసుకునే గ్లిమిపిరైడ్ మాత్ర, తిన్నా తినకపోయినా షుగర్ని దించుతూనే ఉంటుంది. వయసుతో మూత్రపిండాలు నెమ్మదించి, మందు ఒంట్లో ఎక్కువసేపు నిలిచిపోతోంది. పైగా అత్తయ్యగారు రాత్రి అన్నం బాగా తగ్గించేశారు. ఎందుకని అడిగితే తలొంచుకుని, "రిపోర్టు బాగా వస్తే నువ్వు సంతోషపడతావు కదే" అన్నారు. ఆ మాట విన్నాక నేను డాక్టరమ్మ వంక చూడలేకపోయాను.

డాక్టరమ్మ ఆ మాత్ర తీసేసి వేరేది రాశారు. మూడు నెలల అంకె ఏడున్నర దాకా వచ్చినా ఈ వయసులో కంగారు లేదన్నారు. మతిమరుపు పరీక్షలు ఇప్పుడే అక్కర్లేదు, రాత్రుళ్లు కుదుటపడ్డాక చూద్దామన్నారు. ఆ తరవాత ఆవిడ ఒక్కసారి కూడా రాత్రిపూట బస్సు గురించి అడగలేదు. బీరువా తాళాలు నేనే తీసుకెళ్లి ఆవిడ బొడ్డులో దోపాను.

కథ ఇక్కడితో సుఖాంతం అనుకోకండి. మందు మారాక ఎలా ఉందో చూడటానికి రెండో సెన్సర్ పెట్టారు. అసలు సంత అప్పుడు మొదలైంది. ఆ లెక్కని ఎంతమంది ఫోన్లలోనైనా చూసే వీలుంది కదా! మా వారు, హైదరాబాదులో మా అబ్బాయి, డల్లాస్‌లో మా ఆడపడుచు, అందరూ పెట్టించుకున్నారు. మా టిఫిన్లయ్యే వేళకి డల్లాస్‌లో పడుకునే వేళ. సరిగ్గా అప్పుడే ఫోన్. "వదినా, అమ్మకి 221 చూపిస్తోంది, ఏం పెట్టావు?" ఇడ్లీ పెట్టాను తల్లీ, ఇంకేం పెడతాను? మధ్యాహ్నం ఆఫీసు నుంచి మా వారు, సాయంత్రం కాలేజీ నుంచి మా అబ్బాయి. అత్తయ్యగారి చేతికి బిళ్ల పెడితే పరీక్ష నాకైనట్టుంది. ఆవిడా చిరాకుపడ్డారు. "నేను నోట్లో ముద్ద పెట్టుకుంటే అమెరికాలో గంట మోగుతోంది. ఇదేం బతుకే" అని ఒకరోజు అన్నం ముందు నుంచి లేచిపోయారు.

ఆ సాయంత్రం అందరినీ వీడియోలో కూర్చోబెట్టి నేనే చెప్పాను. తగ్గితే మోగే గంట మా ఇద్దరి ఫోన్లలోనే ఉంటుంది. మిగతావాళ్లు ఆదివారం అత్తయ్యగారు చూపిస్తేనే చూడాలి. లెక్క ఆవిడది, ఒళ్లూ ఆవిడదే. మా ఆడపడుచు కాస్త చిన్నబుచ్చుకుంది. "దూరాన ఉన్నదాన్ని, నాకు కనిపించేది ఆ అంకె ఒక్కటే వదినా" అంది. అదీ నిజమే. అందుకని రోజూ పడుకునే ముందు వాళ్లమ్మతో అయిదు నిమిషాలు మాట్లాడమన్నాను. ఇప్పుడు మాట్లాడుతోంది.

ఎవరూ అడగడం మానేశాక అత్తయ్యగారే ఆ ఫోన్ చూడటం మొదలుపెట్టారు. మూడిడ్లీలకంటే రెండు పెసరట్లు తన ఒంటికి నయమని ఆవిడే తేల్చారు. భోజనం అయ్యాక వరండాలో పావుగంట తిరిగితే అంకె ఎంత తగ్గుతుందో నాకు చూపించి, "నువ్వూ తిరగవే, నడుం పెరుగుతోంది" అన్నారు.

యంత్రం కూడా పొరబడుతుంది సుమా. ఒక రాత్రి 55 అని గంట మోగితే పరిగెత్తాం. ఆవిడ హాయిగా గురక పెడుతున్నారు, బిళ్ల ఉన్న చెయ్యి ఒంటి కింద నలుగుతోంది. వేలు గుచ్చి చూస్తే 118! అలా ఒత్తుకుంటే అంకె ఉత్తుత్తినే పడిపోతుందని డాక్టరమ్మ చెప్పారు. అందుకే మనిషికీ అంకెకీ పొత్తు కుదరనప్పుడు వేలు గుచ్చి చూసుకోవాలి.

ఈ బిళ్ల అందరికీ, ఎప్పుడూ ఉండాలని నేననను. మేం కొన్నప్పుడు ఒక్కోటి నాలుగైదు వేలయింది. మా ఆవిడకి రెండు సరిపోయాయి, ఇప్పుడు చేతికేమీ లేదు. ఇన్సులిన్ తీసుకునేవాళ్ల సంగతి వేరు, వాళ్ల డాక్టర్లు చెప్తారు. మందు మాత్రం ఇలాంటివి చదివి ఎవరూ సొంతంగా మార్చకండి.

మీ ఇంట్లో షుగర్ మాత్రలు వేసుకునే పెద్దవాళ్లుంటే ఒక్క పని చేయండి. రాత్రుళ్లు చెమట పడుతోందా, కాళ్లూ చేతులూ వణుకుతున్నాయా, ఆకలేసి మెలకువ వస్తోందా అని అడగండి. వాళ్లు చెప్పింది నమ్మి డాక్టరుకి చెప్పండి. నాకు ఆ మాత్రం నమ్మకం ఉంటే బిళ్లతో పని లేకుండానే తెలిసేదేమో.

అత్తయ్యగారి మంచం పక్కన ఇప్పుడు మూత బిగుతుగా ఉన్న సీసాలో గ్లూకోజ్ పొడి పెట్టాను. బెల్లంకంటే త్వరగా పనిచేస్తుందని డాక్టరమ్మ చెప్పారు. అయినా కొంగున ముడి ఉంటూనే ఉంది. మొన్న సంతలో నేనే మంచి బెల్లం చూసి ఓ పావుకిలో కొని ఆవిడకిచ్చాను. "చీమలు పడతాయి, డబ్బాలో పెట్టుకోండి" అని మాత్రం అన్నాను.