గొంతెత్తు

మా చిన్నాయన మైకుసెట్టు సామానులో నాకు మొదట అప్పజెప్పిన పని స్టాండ్లు మోయడం. యాంప్లిఫయర్ ముట్టనిచ్చేవాడు కాదు. వైర్లు చుట్టడం పెద్దపిల్లల పని. చెట్టెక్కి హారన్లు కట్టేది ఆయనే. స్టాండ్లు మాత్రం నావి. తుమ్మలపల్లెలో రామాలయం ముందర ట్రాక్టర్ ట్రాలీ ఆగగానే సైకిల్ ట్యూబుతో కట్టిన ఆ ఇనుపకడ్డీల మోపును భుజానికెత్తుకుని దిగేవాణ్ని. ఎండాకాలం మధ్యాహ్నమైతే కడ్డీ పట్టుకోగానే చెయ్యి చుర్రుమనేది. తువ్వాలు చుట్టుకుని పట్టుకోవాల్సిందే. పందిట్లో వాటిని నిలబెట్టి వెనక్కి తిరిగేలోపే చిన్నాయన కేక వినపడేది: "గొంతెత్తు చూసినావా అబ్బీ?"

గొంతెత్తు అంటే ఆయన లెక్కలో నేల నుంచి గొంతు ఉండే ఎత్తు. పాడే మనిషి పొడుగా పొట్టా, నిలబడి పాడతాడా కూచుని పాడతాడా, తలపాగా ఉంటే తల ఎంత వంచుతాడు, ఇవన్నీ చూసుకుని కడ్డీ పైకి లాగి మర బిగించాలి. మైకు గడ్డానికి కాస్త కిందుగా ఉండి మొగం పైకి చూస్తున్నట్టుండాలి. అప్పుడు పాడేవాడి ముఖమూ జనానికి కనపడుతుంది, మాటా సూటిగా పడుతుంది. నాకది చాదస్తంగా తోచేది. జానెడు అటూ ఇటూ అయితే ఏం కొంప మునుగుతుంది అనుకునేవాణ్ని.

మునుగుతుందని తర్వాత తెలిసింది. నోటికి జానెడు దూరంలో ఉండాల్సిన మైకు రెండు జానల దూరానికి పోతే దానికి చేరే శబ్దం 6 డెసిబెల్లు పడిపోతుంది. శక్తిలో చెప్పాలంటే నాలుగోవంతే మిగులుతుంది. అది పూడ్చడానికి సౌండు పెంచుతారు. పెంచిన సౌండు హారన్లోంచి వచ్చి మళ్లీ మైకులోనే దూరుతుంది, మళ్లీ హారన్లోకి పోతుంది, అట్లా తిరిగి తిరిగి కుయ్యిమని కూత పెడుతుంది. జనం చెవులు మూసుకుని మిషను మంచిది కాదంటారు. చాలాసార్లు తేడా అంతా స్టాండు దగ్గరే ఉంటుంది. ఆ ఒక్క జానెడు దించి ఉంటే గాయకుడు గొంతు చించుకోవాల్సిన పనీ ఉండేది కాదు, చివర బండిమీద కూచున్న ముసలమ్మకు పాటా అందేది.

మైకు చేత్తో పట్టుకుంటే పోలా, స్టాండెందుకని పట్నం స్నేహితుడొకడు అడిగినాడు. మా సీమ కళలు చూడనివాడు అడిగే ప్రశ్న అది. మా దగ్గర ఎవరి చేతులు ఖాళీగా ఉంటాయి? చెక్కభజన గురువు చేతుల్లో తాళాలు. చుట్టూ ఆడేవాళ్ల చేతుల్లో చెక్కలు. కోలాటానికి కోలలు. హరిదాసుకు చిరతలు. బుర్రకథకుడికి భుజాన తంబుర, బొటనవేలికి అందె, పక్కన వంతలకు డక్కీలు. నిమ్మలకుంట తోలుబొమ్మలవాళ్ల సంగతి చెప్పనే అక్కర్లేదు. రెండు చేతులా బొమ్మలాడిస్తూ, కాలి కింద పలక తొక్కుతూ, ఆపకుండా పద్యం పాడతారు. వాళ్లలో దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ ఇచ్చినారు. ఆ తెర వెనక మైకును ఎవరు పట్టుకోవాలి? తాడుకో గుంజకో కట్టి వేలాడదీయాల్సిందే. రెండు చేతులూ పనిలో ఉన్న మనిషికి మూడో చెయ్యి స్టాండు. నాకు తెలిసి దాని పుట్టుకకు ఇంతకంటే మంచి కారణం లేదు.

పంచగనిలో చదువుకుని, తర్వాత లండన్‌లో లోకమంతా ఎరిగిన పాటగాడైన ఫ్రెడ్డీ మెర్క్యురీకి తొలిరోజుల్లో ఒక కచేరీలో స్టాండు కింది భాగం ఊడిపోయిందట. ఆయన ఆ పైకడ్డీతోనే పాడేసి, ఇక జీవితాంతం సగం స్టాండునే చేతబట్టుకుని తిరిగినాడు. చూడ్డానికి ఎంతో బాగుంటుంది. కానీ అది చేతిలో ఇంకో పని లేనివాడికి దక్కే వైభోగం. మా భజన గురువుకు స్టాండు కింది భాగం ఊడితే పాట ఆగుతుంది.

మా స్టాండుకూ ఒకసారి కింది భాగం పోయింది. పోత ఇనుము దిమ్మె ట్రాలీలోంచి జారి బండమీద పడి రెండు చెక్కలైంది. పోత ఇనుము బరువు మోస్తుంది గానీ దెబ్బకు ఆగదు. చిన్నాయన ఎర్రగుంట్ల వైపు నుంచి తెచ్చిన కడపబండ ముక్కను గుండ్రంగా కొట్టించి, నడుమ బొక్క వేయించి, కడ్డీని అందులో దిగ్గొట్టినాడు. ఇంటి అరుగుకూ, పశువుల కొట్టానికీ, పొలం గట్టు హద్దుకూ నిలబడే బండ పాటకూ నిలబడింది. అది పొరలు పొరలుగా ఉండే సున్నపురాయి కాబట్టి అంచులు పెచ్చులూడతాయి. ఆ అంచుకు లారీ ట్యూబు రబ్బరు చుట్టి తాడుతో బిగించినాడు. ఇప్పుడు తుమ్మలపల్లె పేరు లోకానికి తెలిసింది మా కింద రాళ్లలో దొరికిన యురేనియం వల్ల. 2007లో గనికి శంకుస్థాపన అయింది. ఆ ఖనిజం దొరికేది కూడా వేంపల్లె పేరు పెట్టుకున్న సున్నపురాతి జాతి పొరల్లోనే అని చదివినప్పుడు నాకు మొదట గుర్తొచ్చింది ఆ స్టాండు.

బండ దిమ్మె స్టాండు రామాలయం ముందు పరిచిన నున్నటి చోట బాగా నిలిచేది. జాతర్లకు పోతే గులకరాళ్ల నేల మీద ఊగులాడేది. అక్కడ ముక్కాలి స్టాండే దిక్కు. నాలుగు కాళ్ల మంచం ఎగుడుదిగుడు నేలమీద ఏదో ఒక కాలు ఎత్తుకుంటుంది. మూడు కాళ్లది ఎక్కడ పెట్టినా మూడూ నేలకు ఆనుతాయి. అయితే ఆ కాళ్లు విచ్చుకుని చోటు తింటాయి. బుర్రకథకుడు వీరరసంలో గెంతుతూ ముందుకొచ్చేటప్పుడు గజ్జె మోగుతున్న పాదం దానికి తగలకుండా ఉండాలంటే దేవుడే కాపాడాలి. అందుకే చిన్నాయన ఒక కాలు ఎప్పుడూ జనం వైపుకు పెట్టించేవాడు. ఆ కాలే ముందుకు ఒరగకుండా ఆపుతుంది, ఆటగాడి వైపు దారి వదులుతుంది.

స్టాండు ఎక్కడ చెడుతుందో కూడా మోసినవాడికే తెలుసు. కడ్డీ చెడదు. ఎత్తు బిగించే చోట ప్లాస్టిక్ మర అరిగిపోతుంది, సగం పద్యంలో మైకు నెమ్మదిగా కిందికి దిగుతుంది. అడ్డకడ్డీ ఉన్నదైతే దాని మెడ దగ్గర పట్టు సడలి మైకు తల వాల్చేస్తుంది. దుమ్ము, చెమట, తుప్పు మరల్లో చేరతాయి. సైకిల్ ట్యూబు ముక్క, రెండు చుక్కల నూనె మా వైద్యం. ఇక మైకు క్లిప్పు మర ఒకటి 5/8 అంగుళం, ఇంకోటి 3/8 అంగుళం. అమెరికా పద్ధతి ఒకటి, ఐరోపా పద్ధతి ఒకటి. నడుమ వేసుకునే చిన్న ఇత్తడి బుష్ పోయిందంటే ఎంత ఖరీదు మైకైనా స్టాండుకు ఎక్కదు. చిన్నాయన అలాంటి బుష్‌లు నాలుగు మొలతాడుకు కట్టుకుని తిరిగేవాడు.

నాటకాల రాత్రులు వేరు. కురుక్షేత్రం ఆడితే ముందు మూడు స్టాండ్లు, పైనుంచి వేలాడే మైకులు రెండు. కిరీటం, భుజకీర్తులతో కృష్ణుడు వచ్చి స్టాండు ముందు నిలబడి రాగం అందుకుంటే, దుర్యోధనుడు పక్కస్టాండు దగ్గర తన వంతు కోసం మీసం దువ్వుకుంటూ నిలబడేవాడు. 1885లో మా జిల్లా సురభి ఊళ్లో వనారస గోవిందరావు గారు కీచకవధ ఆడించినప్పుడు ఈ స్టాండ్లు లేవు. సభల్లో గొంతు పెంచే లౌడ్‌స్పీకరును అమెరికాలో జెన్సెన్, ప్రిడమ్ చేసి చూపించిందే 1915లో. అప్పటి నటుడి గొంతే చివరి వరుస దాకా పోవాలి. స్టాండు వచ్చి గొంతును కాపాడింది. దానికి బదులుగా కాళ్లను కట్టేసింది. భీముడు గద తిప్పుతూ ఎంత దూరం పోయినా పద్యం ఎత్తుకోవడానికి మళ్లీ ఆ కడ్డీ దగ్గరికే రావాలి. మంచి నటుడు ఆ రావడాన్నే నటనలో కలుపుకునేవాడు. నాలుగు అడుగులు లెక్కపెట్టుకుని, కోపం పెంచుకుంటూ, సరిగ్గా మొదటి అక్షరానికి మైకు ముందు ఉండేవాడు. ఆ నడక చూడ్డానికే నేను తెరపక్కన మేలుకుని కూచునేవాణ్ని.

ఇప్పుడు చెవికి తగిలించుకునే మైకులు వచ్చినాయి. నటుడు వేదికంతా తిరుగుతాడు, మాట ఎక్కడా తగ్గదు. నాకు సంతోషమే. అయినా వెలుగుతున్న ఖాళీ వేదిక మీద ఒంటిగా నిలబడిన స్టాండును చూస్తే జనం గోల దానంతటదే తగ్గడం నాకు తెలుసు. ఎవరో వచ్చి ఏదో చెప్పబోతున్నారని ఆ కడ్డీ చెప్పేస్తుంది.

మొన్న శ్రీరామనవమికి ఊరికి పోయినాను. చిన్నాయనకు ఇప్పుడు మోకాళ్ల నొప్పులు, కుర్చీలో కూచుని పని చెబుతాడు. చెక్కభజన మొదలుపెట్టే పాట గురువుకు బదులు ఆయన మనవరాలు ఎత్తుకుంది. తొమ్మిదేళ్లుంటాయేమో. రెండు చేతుల్లో తాళాలు. స్టాండు గురువు ఎత్తులో ఉంది. పిల్ల మునివేళ్లమీద లేచి, తల వెనక్కి వాల్చి మైకు కేసి చూసింది. చిన్నాయన ఏమీ అనకముందే నేను లేచి పోయి, మర వదులు చేసి, కడ్డీని దించి, ఆ అమ్మాయి గడ్డం కిందికి తెచ్చి బిగించినాను. మడమలు నేలకు ఆనినాయి. తాళం పడింది.

తెల్లవారుజామున సామాను ఎత్తేటప్పుడు అన్ని స్టాండ్లూ మడిచి కట్టినాం. ఆ పొట్టి స్టాండును కూడా మడవబోతుంటే చిన్నాయన చెయ్యెత్తి ఆపినాడు.

"దాని మర కదపొద్దబ్బీ. రేపు సందకాడ పక్కూర్లో కూడా ఆ పాపే కదా ముందు పాడేది."