రెండు వైపుల నుంచి

గ్రేటర్ నోయిడాలోని ఓ ఫ్లాట్‌లో ఆదివారం మధ్యాహ్నం. గుంటూరు నుంచి వచ్చిన నాయనమ్మ ఒళ్లో తెలుగు బైబిలు. పదేళ్ల మనవడి చేతిలో పిల్లల కోసం రాసిన బైబిలు చరిత్ర, ఇంగ్లీషులో, రంగుల బొమ్మలతో. ‘‘హెజకాయా రాజు సొరంగం తవ్వించాడట నాయనమ్మా’’ అన్నాడు. ఆ రాజెవరో ఆవిడకు అర్థం కాలేదు. కథంతా విన్నాక, ‘‘ఓ, మన హిజ్కియానా!’’ అంది.

అష్షూరు సైన్యం ముట్టడికి ముందే నీటిని యెరూషలేములోకి మళ్లించుకునేందుకు తొలిచిందని చెప్పే ఆ సొరంగం పొడవు 533 మీటర్లు. కూలీలు రెండు వైపుల నుంచీ తవ్వుకుంటూ వచ్చి మధ్యలో కలిశారని చెప్పే శాసనం 1880లో దొరికింది. ఆ అధ్యాయం ఎన్నోసార్లు చదివినా, సొరంగం ఇప్పటికీ ఉందని ఆవిడకు తెలియదు. తెలుగు చదవడం రాని మనవడికి హిజ్కియా తెలియదు.

‘‘అయితే ఇదంతా నిజమేనా?’’ వాడి ప్రశ్న. శాసనంలో రాజు పేరు లేదు. ఆ మాట చెప్పేది బైబిలే. పుస్తకం మాత్రం ఈ తేడా చెప్పలేదు. రాయి చెప్పేదేమిటో, విశ్వాసం చెప్పేదేమిటో విడదీసి చూపితే భక్తికి వచ్చే నష్టం లేదు. దాచిపెడితేనే, పెద్దయ్యాక ఆ పిల్లాడు రెండింటినీ అనుమానిస్తాడు.

మనవడు ఆ బొమ్మ కింద పెన్సిల్‌తో ‘హిజ్కియా’ అని రాసుకున్నాడు, ఇంగ్లీషు అక్షరాల్లోనే.