పొరుగింటి గిన్నె



మీ బైబిలు చివరనున్న పటములలో అపొస్తలుడైన పౌలు ప్రయాణములను చూపు పుటను ఒకసారి తెరచి చూడుడి. తార్సు, ఈకొనియ, ఎఫెసు, కొలొస్సయి, ప్రకటన గ్రంథములోని ఏడు సంఘములు, ఇవన్నియు నేటి టర్కీ దేశములోనివే. శిష్యులు మొట్టమొదట క్రైస్తవులనబడిన అంతియొకయ కూడ అంటాక్యా అను పేరుతో ఆ దేశములోనే యున్నది. మేము వేదాంత పాఠశాలలో నుండగా ఈ పటమును చూడకుండ గీయగలిగినంతగా నేర్చుకొంటిమి. పడిపోయిన స్తంభములను గూర్చియు, పాడైన నాటకశాలలను గూర్చియు మా గురువులు చక్కగా చెప్పిరి. అయితే ఆ ఊళ్లలో ఇప్పుడెవరు కాపురమున్నారు, వారు పండుగనాడేమి వండుకొందురు, బిడ్డలకేమి కథలు చెప్పుదురు అను మాట మా తరగతిలో ఎన్నడును రాలేదు.

ఇప్పుడక్కడ నున్నవారు సుమారు 8.5 కోట్ల జనము. వారిలో మిక్కిలి ఎక్కువమంది ముస్లిములు; క్రైస్తవులు నూటికి ఒక్కరు కూడ లేరు. వారి యింటి ముచ్చట కొంత మీకు వ్రాయదలచితిని. ఏలయనగా మన సంఘములలోని స్త్రీలు ఏడాదికి పదిసార్లైనను నన్ను అడుగు ప్రశ్న ఒకటి కలదు: "అయ్యగారూ, పండుగనాడు పొరుగింటివారు పంపినది మనము తినవచ్చునా?" దీనికి జవాబు వెదకుచు నేను పుస్తకముల మూలముగా టర్కీ వంటింటిలోనికి పోయితిని.

మొహర్రము నెల పదియవ దినము మన పల్లెలలో పీర్ల పండుగగా అందరికి తెలిసినదే. టర్కీలో ఆ దినము మొదలుకొని ఇంటింట ఆషూరె అను తీపి వంటకము కాచుదురు. గోధుమలు, శనగలు, చిక్కుడు గింజలు రాత్రి నానబెట్టి, మరునాడు ఉడికించి, పంచదార కలిపి పాయసమువలె చిక్కబడనిచ్చి, అందులో ఎండు ద్రాక్ష, ఎండు అంజూరపు ముక్కలు వేయుదురు. పైన అక్రోటు పప్పు, దానిమ్మ గింజలు చల్లుదురు. పాయసములో చిక్కుడు గింజలేమి అని మన అమ్మగార్లు నవ్వుదురేమో! దాని కథ వినుడి. జలప్రళయము తగ్గి నోవహు ఓడ కొండమీద నిలిచిన దినమున, లోపల మిగిలిన ధాన్యములు పిడికెడు పిడికెడు మాత్రమే యుండెనట. ఏ ఒక్కటియు అందరికి చాలదు గనుక అన్నిటిని ఒకే కుండలో పోసి వండిరట. ఈ సంగతి ఆదికాండములో లేదు; దీనిని ప్రసంగపీఠము మీదికి తేరాదు. అయినను దీనిని మొదట చెప్పిన ముసలమ్మ ఎవరో గాని, ఆమె లోభియైన ఇల్లాలు మాత్రము కాదు.

ఆషూరెను ఎవరును తమ కొరకు మాత్రమే వండుకొనరు. పెద్ద కుండలో కాచి, గిన్నెలలో పోసి, మేడమీది యింటికిని క్రింది యింటికిని పిల్లలచేత పంపుదురు. పుచ్చుకొనువారి మతమేదని అడుగరు. ఆ గిన్నెను వట్టిగా తిరిగి పంపుట మర్యాద కాదు. మరియొక దినమున అందులో ఏదైన వేసి ఇత్తురు. ఆర్మేనియ క్రైస్తవులు క్రిస్మసు కాలములో అనుషాబూర్ అని దాదాపు ఇట్టి వంటకమే చేయుదురు. ఎవరు ఎవరియొద్ద నేర్చిరో ఆ కుండకే తెలియవలెను. అలెవీలు అనబడు వారు ఇవే దినములలో, కర్బలాలో హుసేను చంపబడిన దుఃఖమును జ్ఞాపకము చేసికొని, పండ్రెండు దినములు ఉపవాసముండి, పిమ్మట ఈ వంటకము చేసి పంచుదురు. ఒక యింట అది నోవహు బ్రదికి బయటపడిన సంతోషము, మరియొక యింట దుఃఖదినముల ముగింపు.

ఇప్పుడు మన ప్రశ్నకు వచ్చెదము. విగ్రహములకు అర్పించినవాటిని గూర్చి కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రికను పౌలు ఎక్కడ కూర్చుండి వ్రాసెను? ఎఫెసులోనే. పెంతెకొస్తు వరకు తాను అక్కడ నిలుచు సంగతి చివరి అధ్యాయములో తానే తెలుపుచున్నాడు. అనగా అర్తెమి దేవి గుడి యున్న ఊరిలో, ఇరుగుపొరుగు వారందరు ఆ గుడికి పోవువారే యైన వీధిలో నుండి వ్రాసెనన్నమాట. ఆయన బోధ గదిలో తలుపు మూసికొని చేసిన బోధ కాదు. అవిశ్వాసి భోజనమునకు పిలిచిన యెడల వెళ్లుటకు మనకు స్వాతంత్ర్యము కలదనెను. పెట్టినదానిని గూర్చి ఆరాలు తీయవద్దనెను. ఇది దేవతకు అర్పించినదని ఒకడు తెలియజెప్పిన యెడల మాత్రము, అతని మనస్సాక్షి కొరకు మానుమనెను.

నా అభిప్రాయము దాచను. దేవతకు నివేదించితిమని చెప్పి ఇచ్చినదానిని నేను పుచ్చుకొనను, పుచ్చుకొనుడని మీకును చెప్పను. ఆషూరె వంటి గిన్నె అట్టిది కాదు. అది వండినవారి సంతోషములో మనకిచ్చిన పాలు. దానిని రెండు చేతులతో అందుకొనవలెను. పుచ్చుకొనలేని దానినైనను ఎట్లు కాదనవలెనో తెలిసియుండవలెను. పొరుగింటి అమ్మ పంపిన పళ్లెమును గుమ్మము దాటనీయక త్రిప్పి పంపి, క్రిస్మసునాడు ఆమెకు కేకు పంపి, ఆమె తినలేదని నొచ్చుకొను విశ్వాసులను నేనెరుగుదును. ఆమెకును ఒక మనస్సాక్షి కలదని వారికి తోచినట్లు లేదు.

టర్కీ పల్లెలలో పిలువకుండ వచ్చిన అతిథిని తాన్రీ మిసాఫిరి, అనగా దేవుని అతిథి, అందురు. మిసాఫిరి అనునది మనము వాడు ముసాఫిరు అను మాటయే. ఈ మర్యాద వెనుక హిజిర్ కథ యున్నది. మన దేశపు ముస్లిములు ఆయనను ఖిజర్ అందురు. ఆయన జీవజలము త్రాగి చావులేనివాడాయెనట. అడుగు పెట్టిన చోట గడ్డి పచ్చబడునట. బిచ్చగాని వేషములోనో బాటసారి వేషములోనో తలుపు తట్టును గనుక, వచ్చిన ప్రతివానిని హిజిరే యనుకొనుమని పెద్దలు చెప్పుదురు. మిక్కిలి ఇబ్బందిలో ఎవరైన సహాయమునకు వచ్చిన యెడల హిజిర్ వలె వచ్చితివి అని నేటికిని అందురు. మమ్రే దగ్గర అబ్రాహాము ఎండవేళ పరుగెత్తి ముగ్గురిని ఎదుర్కొనిన సంగతి చదివిన మనకు ఇది వింతగా తోచదు.

ఈ హిజిర్, ఇల్యాస్ అను ఇద్దరు ఏటేట వసంతములో ఒక రాత్రి కలిసికొందురట. ఇల్యాస్ అనగా మన ఏలీయా ప్రవక్తయే. రెండు పేర్లు కలిసి హిదిరెల్లెజ్ అను పండుగ పేరాయెను. మే 5వ తేదీ రాత్రి గులాబి చెట్టు క్రింద, ఇల్లు కావలసినవారు గులకరాళ్లతో ఇల్లు కట్టుదురు. బిడ్డ కావలసినవారు చిన్న ఊయల బొమ్మ పెట్టుదురు. మరునాడు పచ్చిక బయళ్లకు పోయి పాటలు పాడుదురు. మే 6వ తేదీయే ఎందుకు? పాత పంచాంగము ప్రకారము అది ఏప్రిల్ 23, అనగా పరిశుద్ధ జార్జి దినము. పంచాంగముల నడుమ పదమూడు దినముల భేదము వచ్చుటచేత అది మనకు మేలో పడుచున్నది. ముస్లిములు హిజిర్ అనియు క్రైస్తవులు జార్జి అనియు ఒకే దినమున ఒకే వసంతమును పిలుచుకొనుచున్నారు. ఈ పండుగను 2017లో యునెస్కో మానవజాతి వారసత్వపు పట్టికలో చేర్చెను.

ఇస్తాంబులు నుండి ఓడలో పోవుదూరములో బూయూకాదా అను దీవి కలదు. దాని కొండమీద గ్రీకు క్రైస్తవుల పరిశుద్ధ జార్జి మఠము ఉన్నది. ప్రతి సంవత్సరము ఏప్రిల్ 23న వేలాది జనము ఆ కొండ నెక్కుదురు. ఆ దినము 1920లో వారి శాసనసభ ఆరంభమైన దినము గనుక దేశమంతట సెలవు. ఆ సెలవు కూడ జనమును పెంచుచున్నది. ఎక్కువారిలో ఎక్కువమంది ముస్లిములే. తలకు గుడ్డ కట్టుకొనిన తల్లులు, కళాశాల పిల్లలు, కొందరు చెప్పులు విడిచి, కొందరు పైకి చేరువరకు నోరు మెదపక ఎక్కుదురు. క్రింద ఒక పొదకు దారపు కొస కట్టి, ఉండను విప్పుకొనుచు పోవుదురు. దారము తెగకున్న కోరిక తీరునని నమ్మకము. పైన దీపము వెలిగించి, చిన్న గంటయో తాళపు చెవియో తీసికొని పోయి, కోరిక తీరిన పిమ్మట తెచ్చి అప్పగింతురు. అట్లు కోరిక తీరినవారు దారిలో అందరికి పంచదార బిళ్లలు పంచుదురు.

నేను సంస్కరణ సంఘపు బోధకుడను. దారములయందు నాకు నమ్మకము లేదు. పరిశుద్ధులకు వెలిగించు దీపములయందును లేదు. మన బెజవాడ దగ్గర గుణదల కొండకు ఫిబ్రవరి మాసములో కొబ్బరికాయలతో వచ్చు హైందవ సోదరులను చూచినప్పుడును నా మనస్సు రెండు విధములుగా పోవుచుండును. అయితే ఆ దీవిలోని గ్రీకు గురువులు వచ్చినవారిని నీ మతమేది అని గుమ్మమునొద్ద ఆపరు. ప్రభువు వస్త్రపుచెంగు ముట్టిన స్త్రీని ఆయన ఏ సిద్ధాంతమును గూర్చి పరీక్షించెను? బిడ్డలేని తల్లి తన మతమువారిది కాని కొండనెక్కి ఏడ్చునప్పుడు, ఆమె చేతిలోని దారమును చూడవలెనా, ఆమె ముఖమును చూడవలెనా? అక్కడి గురువులు ముఖమునే చూచుచున్నారు. నేనును వారి పక్షముననే యున్నాను.

ఇంతమాత్రమున సహనమనగా అందరి మాటయు నిజమేననుట యని యెవరైన తలంతురేమో. మనకు ముల్లా నస్రుద్దీను అని తెలిసిన హాస్యగాడు టర్కీవారి నస్రెద్దీన్ హోజాయే. ఆయనదని చూపు సమాధి అక్షెహీరులో ఉన్నది. ఆ ఊరి వెనుక పర్వతములు దాటిన యెడల పౌలును వెళ్లగొట్టిన పిసిదియలోని అంతియొకయ శిథిలములు వచ్చును. హోజా న్యాయాధిపతిగా నున్నప్పుడు వాది చెప్పినది విని, నీ మాట నిజమే యనెనట. ప్రతివాది చెప్పినది విని, నీ మాటయు నిజమే యనెనట. ఇద్దరి మాటయు ఎట్లు నిజమగునని భార్య అడుగగా, నీ మాటయు నిజమే యనెనట! ఈ కథ చెప్పి నవ్వుకొను టర్కీ రైతునకు అట్టి తీర్పు తీర్పు కాదని బాగుగా తెలియును. క్రీస్తు సిలువ వేయబడలేదని నా ముస్లిము పొరుగువాడు నమ్మును. సిలువయే నా ప్రాణము. ఇద్దరిలో ఎవడును హోజావలె తీర్పు చెప్పనక్కరలేదు. గిన్నె పంపిన అమ్మ, ముందుగా నాతో ఏకీభవించుమని అడుగలేదు గదా.

అయితే గిన్నెలు ఇచ్చిపుచ్చుకొనినంత మాత్రమున ఒక చిన్న జనము క్షేమముగా నుండునా? ఉండదు. ఇది చెప్పక విడిచిన యెడల నేను మీకు సగమే చెప్పినవాడనగుదును. 1492లో స్పెయినులోని క్రైస్తవ రాజులు యూదులను వెళ్లగొట్టగా, సుల్తాను రెండవ బయజీదు వారిని తన రాజ్యములో చేర్చుకొనెను. మనము సిగ్గుపడవలసిన సంగతి అది. 1915లో అదే రాజ్యములో ఆర్మేనియ క్రైస్తవులు లక్షలకొలది చంపబడిరి. 1923లో గ్రీసు, టర్కీ ప్రభుత్వములు ఒడంబడిక చేసికొని, సుమారు 12 లక్షల క్రైస్తవులను అటును, సుమారు 4 లక్షల ముస్లిములను ఇటును మార్చుకొనెను. చూచినది భాషను కాదు, మతమును మాత్రమే. ఇంట టర్కీ భాష మాటలాడి, టర్కీ భాషలోనే ప్రార్థించి, దానిని గ్రీకు అక్షరములలో వ్రాసికొనిన కప్పదొకియ క్రైస్తవులు, తమకు రాని భాష మాటలాడు దేశమునకు పంపబడిరి. క్రేతునుండి వచ్చిన ముస్లిములలో అనేకులకు గ్రీకు తప్ప మరియొక భాష రాదు.

1955 సెప్టెంబరు 6న, సలోనికిలో అతాతుర్కు పుట్టిన యింటిమీద గ్రీకులు బాంబు వేసిరని ఇస్తాంబులులో వార్త పుట్టించిరి. ఆ రాత్రి గుంపులు గ్రీకుల దుకాణములను వేలకొలది పగులగొట్టి, 70కి పైగా చర్చిలను పాడుచేసెను. ఆ రాత్రియే కొందరు ముస్లిములు తమ పొరుగువారిని లోపల దాచి, వారి తలుపులకు టర్కీ జెండాలు కట్టి, ఇక్కడ గ్రీకులెవరును లేరని గుంపును పంపివేసిరి. తలుపు కట్టినవాడును, తలుపు పగులగొట్టినవాడును ఒకే పండుగ వంటకము తిని పెరిగినవారు. పొరుగువాని దయ ఒక యింటిని కాచెను. ప్రభుత్వము కాపాడవలసిన వీధి కాలిపోయెను. ఒకప్పుడు లక్ష వరకు నున్న ఇస్తాంబులు గ్రీకులు నేడు రెండు మూడు వేలు మాత్రమే. మతస్వాతంత్ర్యమునకు చట్టమెందుకు, మంచి మనస్సు చాలునను మన పెద్దమనుష్యులు ఈ లెక్కను చూడవలెను.

చివరిగా మలాత్యా పట్టణపు సంగతి. 2007 ఏప్రిల్ 18న అక్కడి ఒక చిన్న క్రైస్తవ ప్రచురణాలయమునకు, దేవుని వాక్యమును గూర్చి తెలిసికొనగోరువారివలె అయిదుగురు యువకులు వచ్చిరి. ఆ గదిలో పనిచేయు ముగ్గురిని కట్టి చంపిరి. వారిలో ఇద్దరు ఇస్లామునుండి క్రీస్తునొద్దకు వచ్చిన టర్కీవారు. ఒకరు జర్మనీ దేశస్థుడు. 2016లో హంతకులకు యావజ్జీవ శిక్ష విధింపబడెను. పుస్తకములు అచ్చువేసి పంచు పని మనదియు గనుక, ఆ గదిని నేను ఇట్టే ఊహించుకొనగలను: బల్ల, పుస్తకముల కట్టలు, టీ గ్లాసులు. హత్య జరిగిన కొద్ది దినములలోనే ఆ జర్మను సోదరుని భార్య విలేఖరుల యెదుట, ప్రభువు సిలువమీద చేసిన ప్రార్థననే తన నోట చేసి, వారిని క్షమించితిననెను. దేశమంతటి పత్రికలలో ఆ మాట పడెను. ఆమె జర్మనీకి తిరిగిపోవునని అందరు తలంచిరి. ఆమె భర్తను ఆ ఊరి ఆర్మేనియనుల సమాధుల తోటలో పాతిపెట్టించి, ముగ్గురు బిడ్డలతో మలాత్యాలోనే కాపురముండెను.