మా నాయన మందు కొడతాడు

బళ్లారి జిల్లాలో బడిపిల్లలకు చేను చూపిస్తామంటే పెద్దలకు వింతగానే ఉంటుంది. చాలామంది రైతుబిడ్డలే కదా, చేను వాళ్లకు కొత్తా? చేను కొత్త కాదు, మందు కొట్టని చేను కొత్త. తుంగభద్ర కాలువల కింద వరి, మిరప పండించే ఇళ్లలో మందు లేకుండా పంట చేతికొస్తుందని నమ్మేవాళ్లు తక్కువ. 2021లో నల్ల తామరపురుగు మిరప పూతను రాల్చేశాక ఆ నమ్మకం ఇంకా సన్నగిల్లింది.

అందుకే మా ఏడో తరగతి పిల్లలను హగరి ఒడ్డున నాలుగెకరాలు చేసుకునే ఒక ఇంటికి తీసుకెళ్లాం. నల్లరేగడి నేల. కొర్ర సాళ్ల మధ్య కంది, గట్టున ఆముదం. వేపచెట్టు నీడన 200 లీటర్ల డ్రమ్ము. అందులో పది కిలోల ఆవుపేడ, ఆవుపంచితం, రెండు కిలోల బెల్లం, రెండు కిలోల శనగపిండి, గట్టు మీది పిడికెడు మన్ను పిల్లల చేతనే వేయించింది ఆ ఇంటి అవ్వ. ఆమె తెలుగులో చెబుతుంటే వీళ్లు కన్నడంలో రాసుకున్నారు. "ఇది ఎరువు కాదు నాయనా. పాలకు తోడేస్తాం సూడు, అట్ల మన్నుకు తోడు" అంది.

అవ్వ పుట్టిల్లు రాయదుర్గం వైపు. 1953లో రాయదుర్గం, ఆలూరు, ఆదోని ఆంధ్రకు పోయి బళ్లారి మైసూరులో కలిసింది కానీ పెళ్లి సంబంధాలు ఆగలేదు. అటు 2016 నుంచి ప్రభుత్వమే మహిళా సంఘాల ద్వారా ప్రకృతి సేద్యం నేర్పిస్తోంది. ఈ డ్రమ్ము విద్య అక్కడి వదినల దగ్గర నేర్చుకున్నదే.

అప్పుడు ఒక పిల్లవాడు అడిగాడు: "అవ్వా, మా నాయన మిరపకు మందు కొడతాడు. అంటే మేం అమ్మేది విషమా?"

మేం ఉపాధ్యాయులం ఎవరమూ నోరు తెరవలేదు. అవ్వ వాణ్ని దగ్గరికి పిలిచింది. "మీ నాయన చెడ్డోడు కాదురా. మేమూ కొట్టినోళ్లమే. అప్పు తెచ్చి మిరప పెట్టినోడు పురుగును సూస్తా ఎట్ల కూసుంటాడు? మందు మానిన కొత్తల్లో మాకు గింజ సగం రాలేదు. మా పెద్దోడు బళ్లారిలో జీన్సు ప్యాంట్లు కుట్టి పంపితే ఇల్లు నడిచింది."

మా పాఠాల్లో ఈ మాట లేదు. సేంద్రియం మంచిది, రసాయనం చెడ్డది అని నేర్పి ఇంటికి పంపితే పిల్లవాడు కన్నతండ్రినే దోషిగా చూస్తాడు. అది చదువు కాదు. చేను మారడానికి రెండు మూడేళ్లు పడుతుంది. సర్కారు సేంద్రియ ముద్ర కోసం కనీసం ఐదుగురు రైతులు జట్టుకట్టి ఒకరి చేను ఒకరు తనిఖీ చేసుకుంటూ అన్నాళ్లూ ఆగాలి. ఆ ఏళ్ల నష్టం ఎవరు మోయాలో కూడా పిల్లలకు చెప్పాలి, వాళ్ల ముందే మాట్లాడుకోవాలి.

పంట నిండుగా ఉన్నప్పుడు ఒక పూట చూసి రావడం నాకు చాలదనిపిస్తోంది. వచ్చే ఏడు కలుపు తీసే రోజుల్లో వెళ్లాలి, బస్సులో తండ్రులకూ చోటుండాలి. ఆ పిల్లవాడు తిరిగొచ్చేముందు అరెకరాకు ఎంత బెల్లం కావాలని అడిగాడు. కిలో చాలంది అవ్వ. రాసుకున్నాడు. మిరప అప్పు సంగతి మాత్రం వాడు అడగలేడు. అది వాళ్ల నాయనే వచ్చి అడగాలి.