చక్రం ఊరికే మూలగదు: కోదాడ నుంచి పాలమూరు దాకా

కోదాడ నుంచి మిర్యాలగూడ, హాలియా, కొండమల్లేపల్లి, కల్వకుర్తి, జడ్చర్ల మీదుగా మహబూబ్‌నగర్ వెళ్లే రోడ్డు జాతీయ రహదారి 167. మ్యాప్‌లో చూస్తే మామూలు గీతే. కానీ పాత నల్లగొండ, పాత పాలమూరు జిల్లాలను కలిపే ఈ దారిలో వెళ్తుంటే రెండు తెలంగాణలు కనిపిస్తాయి. హాలియా దాకా సాగర్ ఎడమ కాల్వ నీళ్లు, వరి మళ్లు, రైస్ మిల్లులు. అక్కడి నుంచి పచ్చదనం పలచబడుతుంది. ఎర్ర చల్క నేలలు, పత్తి చేలు, గుండు మీద గుండు పేర్చినట్టుండే గుట్టలు మొదలవుతాయి.

ఈ దారికి ఇంకో సుగుణం ఉంది. మీ కారు ఏం మాట్లాడుతోందో ఇక్కడ వినిపిస్తుంది. హైదరాబాద్‌లో హారన్లు, ఆటోలు, మన ప్లేలిస్ట్ కలిసి దాని గొంతు నొక్కేస్తాయి. ఇక్కడ ఏసీ తగ్గించి, పాటలు ఆపి, అద్దం కొంచెం దించితే చాలు.

మా హ్యాచ్‌బ్యాక్ నెల రోజులుగా ‘ఊఁ...’ అని మూలుగుతోంది. సిటీలో ఒక వర్క్‌షాప్‌లో చూపిస్తే, బండి నడపకుండానే ‘నాలుగు టైర్లూ మార్చాలి సార్’ అన్నారు. నాలుగు టైర్లంటే నా నెల ఈఎంఐ కన్నా ఎక్కువ. ఆ మూలుగుతోనే మిర్యాలగూడలో చుట్టాలింటి నుంచి మహబూబ్‌నగర్‌లో పెళ్లికి బయల్దేరాం. వెనక సీట్లో అమ్మ, పక్కన నాన్న.

ఒకసారికి ఒక్కటే

కోడ్‌లో బగ్ పట్టాలంటే ఒకేసారి నాలుగు మార్చకూడదు. ఒక్కటి మార్చాలి, ఏం జరిగిందో చూడాలి. కారు శబ్దానికీ అదే పద్ధతి.

మొదటిది గేరు. ఖాళీ రోడ్డు మీద అదే స్పీడులో ఒక గేరు తగ్గించి చూశాను. ఇంజిన్ చప్పుడు పెరిగింది కానీ మూలుగు మారలేదు. స్పీడు పెరిగితేనే పెరుగుతోంది. అంటే గోల ఇంజిన్‌ది కాదు, చక్రాల వైపుది.

రెండోది రోడ్డు. టైరు ఎగుడుదిగుడుగా అరిగితే, తారు నుంచి సిమెంటు రోడ్డు ఎక్కగానే శబ్దం బాగా మారుతుంది. ఊళ్ల దగ్గర సిమెంటు రోడ్డు వచ్చినప్పుడల్లా విన్నాం. దాదాపు అదే గొంతు. టైర్ల మీద అనుమానం తగ్గింది.

మూడోది మలుపు. కారు కుడికి తిరిగితే బరువు ఎడమ చక్రాల మీద పడుతుంది. కుడి మలుపులో మూలుగు పెరిగి, ఎడమ మలుపులో తగ్గితే సాధారణంగా ఎడమ వైపు బేరింగ్‌ను అనుమానించాలి. కొండమల్లేపల్లి దాటాక వచ్చిన ప్రతి కుడి మలుపులోనూ మా కారు గట్టిగా మూలిగింది.

‘ఎడమ దిక్కే బిడ్డా’ అన్నారు నాన్న, నేను ఏమీ చెప్పకముందే.

ఇరుసు, కందెన, ఆముదం

నాన్నకు ఆ చెవి ఎక్కడిదంటే, ఎడ్లబండి నుంచి. ‘బండి కిర్రుమన్నదంటే కందెన అయిపోయినట్టు. మలుపు తిరగకముందే అది ఎవ్వరి బండో చెప్పేటోళ్లం’ అన్నారు. కందెన అంటే ఇరుసుకు పూసే జిడ్డు. గడ్డి కాల్చిన మసిని ఆముదంలో కలిపి చేసేవాళ్లు. దాన్ని గొట్టంలో పోసి బండికే వేలాడదీసేవాళ్లట.

ఆ ఆముదం ఎక్కడో కొన్నది కాదు. నల్లగొండ, మహబూబ్‌నగర్ చల్క నేలలు ఒకప్పుడు ఆముదాల పంటకు పేరున్నవి. ఇప్పుడు ఆ చేలల్లో ఎక్కువగా పత్తి కనిపిస్తుంది. అయితే చక్రానికీ ఆముదానికీ బంధం తెగలేదు. ఈ రోజు బండ్లలో వాడే లిథియం గ్రీజును చిక్కగా ఉంచేది 12-హైడ్రాక్సీ స్టియరిక్ ఆమ్లంతో చేసిన సబ్బు. ఆ ఆమ్లం తయారయ్యేది ఆముదం నుంచే. తాత పూసిన కందెనే ల్యాబ్ దాకా వెళ్లి తిరిగొచ్చిందన్నమాట.

తేడా ఒక్కటే. ఎడ్లబండి ఇరుసుకు మళ్లీ పూయొచ్చు. ఇప్పటి చాలా కార్లలో చక్రం బేరింగ్‌ను గ్రీజు నింపి సీలు చేసి ఇస్తారు. ఆ సీలు పాడై నీళ్లో మట్టో లోపలికి పోతే కొత్తది వేయడమే.

కల్వకుర్తిలో వేపచెట్టు కింద

కల్వకుర్తిలో రోడ్డు పక్కన వేపచెట్టు కింద ఒక మెకానిక్ అన్న కనిపించాడు. ఆయన మూడే ప్రశ్నలు వేశాడు: ‘ఎంత స్పీడ్ల వస్తుంది? బ్రేక్ కొడితే మారుతుందా? తిప్పితే మారుతుందా?’ తర్వాత తనే నడిపి చూశాడు.

చదును నేల మీద ఆపి, హ్యాండ్ బ్రేక్ వేసి, వెనక చక్రాలకు రాళ్లు పెట్టి, ముందు ఎడమ వైపు జాకీ ఎత్తాడు. టైరును గడియారంలో 12, 6 ఉండే చోట పట్టుకుని ఊపాడు. సన్నగా ‘టక్’ మంది. తర్వాత 9, 3 దగ్గర పట్టుకుని ఊపాడు. అక్కడే ఆట ఉంటే స్టీరింగ్ వైపు టై రాడ్‌ను చూడాలట. చివరికి ఒక చెయ్యి సస్పెన్షన్ స్ప్రింగ్ మీద పెట్టి, ఇంకో చేత్తో చక్రం తిప్పాడు. ‘నువ్వు పట్టి సూడు తమ్మి’ అన్నాడు. స్ప్రింగ్ మీద చెయ్యి పెడితే లోపల ఇసుక నలుగుతున్నట్టు తెలిసింది.

‘అన్నా, పాలమూరు దాకా మెల్లగ పోవచ్చా?’ అని అడిగాను. ఇంకా గంటకు పైగా దారి. పెళ్లి సాయంత్రం.

‘పోవచ్చు, పోకపోవచ్చు. బేరింగ్ పూర్తిగ పోతే చక్రం ఊగుతది, బిగుసుకపోతది. ఎనక అమ్మ కూసున్నది గద’ అన్నాడు.

ఇంక బేరం లేదు. హబ్ విప్పి, ప్రెస్ మిషన్ ఉన్న షాపుకు పంపి, కొత్త బేరింగ్ ఎక్కించి తెచ్చేసరికి మూడు గంటలు. ఖర్చు ఒక్క టైరు ధర కన్నా తక్కువే. పాత బేరింగ్ కోసి చూపించాడు. అద్దంలా ఉండాల్సిన ఉక్కు మీద గుంటలు పడ్డాయి. గ్రీజు ఎర్రటి తుప్పు నీళ్లలా కారింది. వానాకాలంలో వాగులు రోడ్డెక్కాక తన దగ్గరికి ఇవే ఎక్కువ వస్తాయన్నాడు.

పిల్లలమర్రి దగ్గర

పెళ్లి మర్నాడు పిల్లలమర్రికి వెళ్లాం. సుమారు 700 ఏళ్ల చెట్టు, దాదాపు మూడెకరాల్లో పరుచుకున్న ఊడలు. 2017 డిసెంబరులో దాని పెద్ద కొమ్మ ఒకటి విరిగి పడితే లోపల చెదలు తినేశాయని తేలింది. 2018లో సెలైన్ సీసాలు వేలాడదీసి మందును చుక్కచుక్కగా ఎక్కించారు. బలహీనపడ్డ కొమ్మల కింద ఆసరాలు కట్టారు. లోపల జబ్బు ముదిరినా చెట్టు ముందుగా చప్పుడు చేయలేదు. కారు ఆ విషయంలో మనకు చాలా నయం.

మీ కారు ఏమంటోంది?

స్టీరింగ్ పూర్తిగా తిప్పి మెల్లగా కదిలిస్తే ‘టకటక’: సీవీ జాయింట్. రబ్బరు బూటు చిరిగి, చక్రం లోపలి వైపు గ్రీజు చిమ్మి ఉందేమో చూడండి.

గుంటల్లో, స్పీడ్ బ్రేకర్ల మీద మాత్రమే ‘లొడలొడ’: సస్పెన్షన్ లింకులు, బుష్‌లు, బాల్ జాయింట్.

కంకర రోడ్డు దిగగానే ఉన్నట్టుండి ‘కీ...’ అని ఆగని గీత: డిస్కుకూ వెనక రేకుకూ మధ్య చిన్న రాయి ఇరుక్కుని ఉండొచ్చు.

బ్రేక్ వేసినప్పుడు ఇనుము గీరిన చప్పుడు: ప్యాడ్లు అయిపోయాయి. బండి వెంటనే షాపుకే.

‘డబడబ’మంటూ స్టీరింగ్ కూడా ఊగుతుంటే మాత్రం షాపు దాకా కూడా వద్దు. మెల్లగా పక్కకు ఆపి, ముందు చక్రం నట్లు బిగువుగా ఉన్నాయో లేదో చూడండి. ఈ మధ్య స్టెప్నీ మార్చి ఉంటే ఇంకా ముఖ్యం. ఒక్క జాకీ మీద నిలబెట్టిన కారు కిందికి ఎవరూ దూరొద్దు.

ఇక మెకానిక్ దగ్గరికి వెళ్లినప్పుడు ‘ఏదో సౌండ్ వస్తోంది’ అనకండి. ఎంత స్పీడులో, ఏ మలుపులో, ఏ రోడ్డు మీద వస్తోందో చెప్పండి. బండి నడిపి చూడకుండా టైర్లు మార్చమంటే, ఒకసారి నడిపి చూడమని అడగండి.