ఆకాశంలో పురిటిగది

ఆడవాళ్ళకు ఆకాశంవంక చూసే తీరిక ఉండదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. వడియాలు పెట్టిన రోజున మనం చూసినంత శ్రద్ధగా ఆకాశాన్ని వాతావరణశాఖ వాళ్ళు కూడా చూసి ఉండరు. అట్లతద్దికి చంద్రుడి కోసం చూస్తాం. వినాయకచవితినాడు చంద్రుడు ఎక్కడ కంటపడతాడోనని చూడకుండా చూస్తాం. ఇక పెళ్ళినాడు పురోహితుడు చూపించే అరుంధతి సంగతి సరేసరి. మిట్టమధ్యాహ్నం ముహూర్తమైనా సరే, "కనిపించిందా తల్లీ?" అంటే "కనిపించిందండీ" అని తల ఊపని పెళ్ళికూతురు ఉంటే నాకు చూపించండి!

కాబట్టి నక్షత్రాల సంగతి మనం మాట్లాడుకోవడంలో తప్పేమీ లేదు. అందులోనూ నేను చెప్పబోయేది నక్షత్రాల పురుళ్ళ సంగతి. అది మనకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది చెప్పండి?

నక్షత్రాలు పుట్టే మబ్బుల్ని నీహారికలంటారు. నీహారం అంటే మంచు. పేరు ముద్దుగా ఉందని ఆడపిల్లలకు పెట్టుకుంటున్నాం. మా వీధిలోనే ముగ్గురు నీహారికలున్నారు. ఆకాశంలోని నీహారికలన్నీ ఒక్క రకం కావు. కొన్ని, ముసలి నక్షత్రాలు పోయాక మిగిలిన బూడిదలాంటివి. కొన్ని మాత్రం పిల్లలు పుట్టే ఇళ్ళు. అంతరిక్షంలోకి పంపిన దూరదర్శినులు తీసిన ఫొటోలుగా ఈ రోజుల్లో అందరి సెల్‌ఫోన్లలోకీ వస్తున్నవి ఎక్కువగా ఈ రెండో రకం. నీలాల మధ్య నిలబడ్డ మట్టిరంగు స్తంభాలు, మబ్బులోంచి తల ఎత్తిన గుర్రం, పట్టుచీర కొంగు పరిచినట్టు నారింజరంగు కొండలు.

ఈ బొమ్మలు చూపించగానే మా పక్కింటావిడ ఒక్క ముక్కలో తేల్చేశారు. "అవన్నీ రంగులు వేసినవేనటండీ. అసలు అలా ఉండవుట!"

ఆవిడ అన్నదాంట్లో అబద్ధం లేదు. కానీ అది సగం సంగతి. మిగతా సగం మన వంటింట్లోనే ఉంది. ఉప్పు వేసిన పులుసు పొంగి గ్యాసుపొయ్యి మీద పడిందనుకోండి. నీలంగా ఉన్న మంట ఒక్కసారి పసుపుపచ్చగా భగ్గుమంటుంది. ఆ పసుపు ఉప్పులోని సోడియానిది. ఎక్కడ వేడెక్కినా సోడియం ఆ రంగులోనే వెలుగుతుంది. అలాగే ప్రతి మూలకానికీ తనదంటూ ఒక వెలుగుంటుంది. హైడ్రోజన్‌ది ఎరుపు. గంధకానిది కూడా ఎరుపే, కాస్త ముదురు. ఆక్సిజన్‌ది ఆకుపచ్చకు దగ్గరగా ఉంటుంది. నీహారికలో ఏమేం ఉన్నాయో అక్కడికి వెళ్ళి చూడక్కర్లేదు. వచ్చిన వెలుగును చూస్తే చాలు.

దూరదర్శినిలోని కెమెరా తీసేవి నలుపు తెలుపు ఫొటోలే. హైడ్రోజన్ వెలుగును మాత్రమే రానిచ్చే అద్దం అడ్డుపెట్టి ఒకటి, గంధకానికి ఒకటి, ఆక్సిజన్‌కు ఒకటి తీస్తారు. తరవాత ఒక్కొక్కదానికి ఒక్కో రంగు ఇచ్చి, మూడింటినీ ఒకదానిమీద ఒకటి పెడతారు. పత్రిక ముఖచిత్రాన్ని ప్రెస్సులో ఒక్కో రంగు చొప్పున అచ్చు కొట్టినట్టే. మరి హైడ్రోజన్‌కూ గంధకానికీ ఉన్న ఎరుపు ఉన్నట్టే ఉంచితే? రెండూ కలిసిపోయి ఏది ఏదో తెలియదు. అందుకని గంధకానికి ఎరుపు, హైడ్రోజన్‌కు ఆకుపచ్చ, ఆక్సిజన్‌కు నీలం ఇచ్చారు. ఇది ముఖానికి రంగు పూయడం కాదు. కవలపిల్లల్ని గుర్తుపట్టడానికి ఒకదానికి ఎర్రగౌను, ఒకదానికి పచ్చగౌను తొడగడం.

అలా తయారైన బొమ్మల్లో అన్నిటికన్నా పేరుపడ్డది 1995 ఏప్రిల్ 1న హబుల్ దూరదర్శిని తీసిన మూడు స్తంభాల బొమ్మ. అమెరికాలోని అరిజోనా స్టేట్ యూనివర్సిటీకి చెందిన జెఫ్ హెస్టర్, పాల్ స్కోవెన్ అనే ఇద్దరు తీయించారు. 'సృష్టి స్తంభాలు' అని దానికి పేరు. 6,500 కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న గరుడ నీహారికలో అది ఒక మూల మాత్రమే. ఆ మూలలోనే ఒక్కో స్తంభం పొడుగు కొన్ని కాంతి సంవత్సరాలు. మన సూర్యుడి వెలుగు మన పెరట్లో పడటానికి ఎనిమిది నిమిషాలు చాలు. ఆ స్తంభం ఈ చివరినుంచి ఆ చివరికి పోవడానికి వెలుగుకు ఏళ్ళూ పూళ్ళూ కావాలి.

హబుల్ గురించి ఒక ముచ్చట చెప్పకపోతే నాకు తోచదు. నలభై దాటితే మనకు చత్వారం వస్తుంది. నాకూ వచ్చింది. సూదిలో దారం ఎక్కించడానికి మా అమ్మాయి కావాలి. 1990లో పైకి వెళ్ళిన హబుల్‌కు పుట్టుకతోనే చూపు మసక. 2.4 మీటర్ల దాని అద్దాన్ని అరగదీయడంలో తలవెంట్రుక మందం కూడా లేని తేడా వచ్చింది. 1993 డిసెంబరులో వ్యోమగాములు వెళ్ళి, ఒక రకంగా చెప్పాలంటే దానికి కళ్ళజోడు పెట్టి వచ్చారు. వెళ్ళినవాళ్ళలో కాథరిన్ థార్న్‌టన్ అనే ఆవిడ కూడా ఉంది. ఆ కళ్ళజోడు పెట్టుకున్నాకే హబుల్ ఆ స్తంభాలను చూసింది. కళ్ళజోడు పెట్టుకుంటే వయసు తెలిసిపోతుందని దాచుకు తిరిగేవాళ్ళు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

సరే, ఆ మబ్బులో జరిగేదేమిటి? చల్లటి వాయువు, సన్నటి దుమ్ము. ఒకచోట కాస్త చిక్కబడుతుంది. చిక్కబడ్డది చుట్టుపక్కల ఉన్నదాన్ని తనలోకి లాక్కుంటుంది. లాక్కున్నకొద్దీ నడుమ ఒత్తిడి పెరిగి వేడెక్కుతుంది. చివరికి నడిబొడ్డున హైడ్రోజన్ అంటుకుంటుంది. అదీ నక్షత్రం. మన సూర్యుడంత నక్షత్రం పూర్తిగా తెములుకోవడానికి సుమారు 5 కోట్ల ఏళ్ళు పడుతుంది. తొమ్మిది నెలలకే "ఇంకెన్నాళ్ళమ్మా" అని విసుక్కున్నవాళ్ళం మనం!

పురిటిగది ఎప్పుడూ చీకటిగానే ఉంటుంది. తలుపులు మూసి ఉంటాయి. బయట ఉన్నవాళ్ళకు ఏడుపు వినిపించేదాకా ఏమీ తెలియదు. నీహారికలో కూడా అంతే. పుట్టే పిల్లను దుమ్ము కమ్మేసి ఉంటుంది. మామూలు వెలుగు ఆ తెర దాటి రాలేదు. కానీ కంటికి కనబడని పరారుణ కాంతి అని ఒకటుంది. టీవీ రిమోట్‌లోంచి వచ్చేది అదే. అది ఆ దుమ్మును చాలావరకు దాటుకుని బయటికొస్తుంది. దాన్ని పట్టుకోవడానికే 2021 క్రిస్మస్‌నాడు జేమ్స్ వెబ్ దూరదర్శినిని పంపారు. భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరాన, 6.5 మీటర్ల అద్దంతో, అద్దానికి బంగారుపూతతో ఉంటుందది. బంగారానికి పరారుణ కాంతిని చక్కగా తిప్పికొట్టే గుణం ఉందిట. బంగారం మీద మనకున్న మోజుకు శాస్త్రజ్ఞులు కూడా ఒక కారణం దొరకబుచ్చుకున్నారన్నమాట!

2022లో వెబ్ ఆ స్తంభాలనే మళ్ళీ చూసింది. హబుల్‌కు గోడల్లా కనిపించినవి దీనికి పల్చటి తెరల్లా కనిపించాయి. చుట్టూ లెక్కలేనన్ని నక్షత్రాలు. స్తంభాల చివళ్ళలో కుంకుమ చిందినట్టు ఎర్రటి చారలు. అవి అప్పుడే పుడుతున్న పిల్లలు. వయసు కొన్ని లక్షల ఏళ్ళు మాత్రమే. అంటే పొత్తిళ్ళలోని పిల్లలన్నమాట.

ఈ బొమ్మలు బయటపెట్టినవాటిలో నన్ను బాగా పట్టుకున్న సంగతి ఇంకొకటుంది. నక్షత్రాలు చాలావరకు ఒంటరిగా పుట్టవు. ఒకే మబ్బులో వందలూ వేలుగా, అక్కచెల్లెళ్ళలా పుడతాయి. మన సూర్యుడు కూడా 460 కోట్ల ఏళ్ళ కిందట అలా గుంపులో పుట్టినవాడే. తరవాత తోడబుట్టినవాళ్ళందరూ తలో దిక్కూ అయిపోయారు. ఎవరెక్కడున్నారో ఇప్పుడు ఆనవాలు పట్టడం కూడా కష్టం. ఒకే మంచం మీద పడుకుని పెరిగి, పెళ్ళిళ్ళయ్యాక ఒకరు విశాఖపట్నంలో, ఒకరు డాలస్‌లో తేలిన మన అక్కచెల్లెళ్ళ కథే కదా ఇది!

మన కంటికి కనిపించే పురిటిగది ఒకటుంది. చలికాలంలో రాత్రిపూట వరసగా మూడు చుక్కలు కనిపిస్తాయి, చూశారా? మా తాతగారి ఊళ్ళో వాటిని గొల్లకావడి అనేవాళ్ళు. ఆ మూడింటికీ దక్షిణంగా సన్నటి మసకవెలుగు ఉంటుంది. అది సుమారు 1,340 కాంతి సంవత్సరాల దూరంలోని ఓరియన్ నీహారిక. ఇవాళ మన కంటిని తాకుతున్న వెలుగు అక్కడ బయలుదేరినప్పుడు వేంగిలో తూర్పుచాళుక్యులు రాజ్యం చేస్తున్నారు. నన్నయగారు పుట్టడానికి ఇంకా మూడు వందల ఏళ్ళకు పైగా ఉంది. ఆ మసకలో హబుల్ 150కి పైగా కుర్రనక్షత్రాల చుట్టూ దుమ్ముపళ్ళాలను చూసింది. రేపటి గ్రహాలు ఆ దుమ్ములోంచే ముద్దకట్టాలి. మన భూమి కూడా ఒకప్పుడు అలాంటి పళ్ళెంలోని దుమ్మే.

ఆ మూడు చుక్కల్లో తూర్పుదానికి కాస్త కిందగా ఉంది గుర్రపుతల నీహారిక. దాన్ని మొదట గుర్తించినది ఎవరో తెలుసా? ఒక పనిమనిషి.

ఆవిడ పేరు విలియమీనా ఫ్లెమింగ్. స్కాట్లండ్ నుంచి 1878లో భర్తతో అమెరికా వెళ్ళింది. కడుపుతో ఉండగా భర్త వదిలేసి వెళ్ళిపోయాడు. బతకడానికి హార్వర్డ్ నక్షత్రశాల డైరెక్టరు ఎడ్వర్డ్ పికరింగ్ గారింట్లో పనికి కుదిరింది. 1881లో ఆయన ఆవిణ్ణి నక్షత్రశాల ఉద్యోగంలోకి తీసుకున్నారు. గాజుపలకల మీద తీసిన ఆకాశపు ఫొటోలను ఒక్కొక్కటే పరీక్షగా చూడటం పని. 1888లో తీసిన ఒక పలక మీద, ఆ తూర్పుచుక్క కింద, వెలుగులో గుండ్రంగా కొరికినట్టున్న నల్లటి నొక్కు ఆవిడ కంటబడింది. అదే గుర్రపుతల. బియ్యంలో రాళ్ళేరిన కన్ను దేన్ని వదులుతుంది?

కానీ ఆ తరవాత అచ్చయిన నీహారికల జాబితాలో ఆ ఘనత పికరింగ్ పేర పడింది. ఆవిడ పేరు లేదు. 1908లో వచ్చిన రెండో జాబితాలో గానీ అలాంటి లెక్కలు సరిచేయలేదు. ఇరవై ఏళ్ళ తరవాత జరిగిన బారసాల అది! మరో మూడేళ్ళకు ఆవిడ చనిపోయింది. పదివేలకు పైగా నక్షత్రాలను జాబితా కట్టిన ఆవిడ జీతం ఏడాదికి 1,500 డాలర్లు. అక్కడే కొందరు మగవాళ్ళకు 2,500. తనకూ ఇల్లూ సంసారం ఉన్న సంగతి దొరగారికి ఎప్పుడైనా తోస్తుందా అని 1900లో ఆవిడ డైరీలో రాసుకుంది.

ఇది చదివినప్పుడు నాకు మామ్మ గుర్తొచ్చింది. మా నాన్నగారి మేనత్త. తొమ్మిదేళ్ళకు పెళ్ళయి, పదిహేడేళ్ళకు కోనసీమలోని పుట్టింటికి తిరిగొచ్చింది. ఆ తరవాత ఆ ఇంటి వంటిల్లూ, పురుళ్ళూ, ఊరగాయలూ అన్నీ ఆవిడవే. ధనుర్మాసంలో తెల్లవారకముందే లేచి, పెరట్లోంచి పడమటివైపు చూసి, "గొల్లకావడి కొబ్బరిచెట్ల మీదికి వాలింది, నాలుగైంది, లేవండర్రా" అని కేకేసేది. తాతయ్య జేబుగడియారం చూస్తే కాస్త అటూ ఇటూగా అంతే ఉండేది. చుక్కలు రోజుకు నాలుగు నిమిషాల చొప్పున ముందుకు జరుగుతాయి. నెల తిరిగేసరికి రెండు గంటల తేడా. ఆ లెక్క ఏ పుస్తకంలోనూ చదవకుండా ఆవిడ కట్టగలిగేది. ఎవరూ దాన్ని చదువు అనలేదు. ఆవిడ పెట్టిన ఆవకాయ చుట్టుపక్కల ఊళ్ళన్నిటా ప్రసిద్ధి. తాతగారింటి ఆవకాయ అనేవాళ్ళు. తాతయ్యకు మామిడికాయ ముక్కలు కొట్టడం కూడా రాదు.

ఆ గుర్రపుతల కూడా శాశ్వతం కాదుట. పక్కనున్న పెద్ద నక్షత్రం వేడికి కరిగి కరిగి, ఇంకో 50 లక్షల ఏళ్ళలో చెదిరిపోతుందని లెక్కకట్టారు. 2024లో వెబ్ ఆ గుర్రం జూలును దగ్గరగా చూస్తే, అంచుల్లో పొగలాగా లేచిపోతున్న దుమ్ము కనిపించింది. మబ్బుకైతే లక్షల ఏళ్ళ గడువుంది. మనుషులు చెప్పినవి మాత్రం ఒక తరం మారితే చాలు, చెదిరిపోతాయి.

సంక్రాంతికి ఊరు వెళ్తే, రాత్రి తొమ్మిదింటికి ఒకసారి మేడెక్కండి. మూడు చుక్కలూ దాదాపు నడినెత్తిన ఉంటాయి. మీ ఇంట్లో పెద్దావిణ్ణి ఎవరినైనా చెయ్యిపట్టుకుని వెంట తీసుకెళ్ళండి. చిన్నప్పుడు ఆ చుక్కలను ఏమని పిలిచేవారో, వాటిని చూసి ఏ పొద్దు చెప్పేవారో అడగండి. చెప్పింది ఒక కాగితం మీద రాసి పెట్టండి. కింద ఆవిడ పేరు రాయడం మాత్రం మరిచిపోకండి.