పొద్దున తీపి, మాపున పులుపు

హైదరాబాద్ మైక్రోబ్రూవరీల్లో దొరికే పేల్ ఏల్ బీరు కొత్తవాళ్ల నోటికీ ఎక్కుతుంది. ముందు నారింజ తొక్క వాసన, వెనకే హాప్స్ చిరుచేదు, దాన్ని మెత్తబరిచే మాల్టు తీపి. తాగుతుంటే నాకు వనపర్తి వైపు ఈతవనాలు గుర్తొస్తాయి. మోకు, ముస్తాదుతో చెట్టెక్కిన గౌడన్న కల్లు లొట్టి దించి, నురగ మీది ఈగల్ని ఊది, మోదుగాకు దొప్పలోకి వంచేవాడు. “పొద్దుగాలనే తాగాలె అన్నా, మాపటికి పులుస్తది” అనేవాడు.

ఏల్‌ను పొంగించే శాకరోమైసెస్ సెరివిసియే అనే ఈస్టే కల్లునూ పులియబెడుతుంది. అక్కడ దాన్ని మనిషి కొలిచి వేస్తాడు. ఇక్కడ గాలి, లొట్టి తెచ్చిపెడతాయి. ఏల్ చల్లటి ట్యాంకులో వారాలు నిలుస్తుంది, కల్లుది ఒక్కపూట ఆయుష్షు. అన్ని రుచులూ మన దగ్గరికి రావు. కొన్నిటి కోసం వాటి ఊరికి, వాటి వేళకు మనమే వెళ్లాలి.